వెల్లుల్లికి లొంగని తెల్లచుక్క

పిల్లల తలలో పేలు పడితే ఏం చేయాలో మనలో ఎవర్నడిగినా చెబుతాం. బియ్యానికి పురుగు పడితే ఎండలో పోస్తాం. మంచానికి నల్లులు పడితే మరిగే నీళ్ళు పోస్తాం. మరి అక్వేరియంలో చేపలకి తెగులు పడితే? ఆ ప్రశ్న నాకు 2023 దీపావళి మర్నాడు ఎదురైంది. ఇంటర్ హెచ్.ఇ.సి. చదివినదాన్ని, నాకు తెలిసిన జీవశాస్త్రమంతా వంటింట్లోదే!

మాది విశాఖపట్నం. సముద్రం చూడాలంటే బస్సెక్కితే చాలు. అయినా మా చిన్నాడికి ఇంట్లోనే సముద్రం కావలసి వచ్చింది. పండక్కిచ్చిన డబ్బులూ, పుట్టినరోజు డబ్బులూ కూడబెట్టి హాల్లో 200 లీటర్ల ఉప్పునీళ్ళ తొట్టి పెట్టుకున్నాడు. అందులో నారింజరంగు మీద తెల్లచారల క్లౌన్ చేపలు రెండు, ఎర్రటి రొయ్య ఒకటి, శంఖాన్ని మోసుకు తిరిగే పీత ఒకటి, కొన్ని రాళ్ళు. 2023 ఆగస్టులో ఇంజనీరింగు హాస్టలుకి వెళుతూ, "అమ్మా, నీ చేతుల్లో పెడుతున్నాను" అన్నాడు. పెళ్ళయిన కూతుర్ని అత్తారింట్లో అప్పగించినట్టే అప్పగించాడు.

నేనూ శ్రద్ధగానే చూశానండీ. ఆర్వో నీళ్ళలో లీటరుకి సుమారు 35 గ్రాముల అక్వేరియం ఉప్పు కలపడం, పదిరోజులకోసారి కొంత నీరు మార్చడం, అన్నీ నేర్చుకున్నాను. బీచి నుంచి బిందెడు తెచ్చుకోరాదా అని మీరడగొచ్చు. ఒడ్డున నీళ్ళలో మురుగూ ఉంటుంది, రోగాలూ ఉంటాయి. అందుకని ఆ పని చేయకూడదు.

దీపావళికి వారం ముందు నాకో సరదా పుట్టింది. సంక్రాంతికి వాడొచ్చేసరికి తొట్టిలో కొత్తచేప కనబడితే ఎంత మురిసిపోతాడో కదా అనుకుని, పసుపు తోక ఉన్న నీలిచేపని కొనుక్కొచ్చి తిన్నగా తొట్టిలో వదిలేశాను. తప్పంతా అక్కడే జరిగింది.

దీపావళి మర్నాడు పొద్దున చూద్దును కదా, క్లౌన్ చేపల రెక్కల మీద ఉప్పు చల్లినట్టు తెల్లటి చుక్కలు! రాళ్ళకి ఒళ్ళు రాసుకుంటున్నాయి, ఆయాసపడుతున్నాయి. పక్కింటి పిన్నిగారు వచ్చి, "మా గోల్డుఫిష్‌కి ఇలాగే వస్తే కళ్ళుప్పు వేశాం, తగ్గింది" అన్నారు. ఉప్పులోనే ఉన్నదానికి ఇంకా ఉప్పేం వేస్తాను? ఇంకెవరో వెల్లుల్లిరసం మేతలో కలపమన్నారు. మన ఇంట్లో వెల్లుల్లికి లోటా! కలిపాను. నాలుగు రోజుల్లో చుక్కలన్నీ మాయం. వెల్లుల్లి గొప్పతనం వీధంతా చాటింపు వేశాను.

ఆ నాలుగు రోజులూ వాడు ఫోను చేస్తూనే ఉన్నాడు. "చేపలెలా ఉన్నాయమ్మా?" అంటే, "నిక్షేపంలా ఉన్నాయిరా" అన్నాను. పరీక్షల ముందు వాడి మనసెందుకు పాడుచేయడం అని. వీడియో కాల్ చేస్తే తొట్టి కనబడకుండా వంటింట్లో నిలబడి మాట్లాడేదాన్ని.

వారం తిరక్కుండా చుక్కలు మళ్ళీ వచ్చాయి. ఈసారి ఒకటికి పదింతలు. నవంబరు 25 పొద్దున్న పెద్ద క్లౌన్ చేప అడుగున పడి ఉంది. దాన్ని గరిటెతో తీస్తుంటే నా చేతులు వణికాయి. మావారు చేపల కోసం ఏడవడమేమిటని నవ్వబోయి, నా మొహం చూసి ఊరుకున్నారు.

దుకాణానికి పరిగెత్తాను. అక్కడబ్బాయి ఓ సీసా ఇచ్చి, "తొట్టిలో పోసేయండి మేడమ్" అన్నాడు. పిల్లల మందుసీసా మీద అక్షరం వదలకుండా చదివే అలవాటుంది చూశారూ, అదే నన్ను కాపాడింది. అందులో ఉన్నది రాగి. రొయ్యలూ పీతలూ ఉన్నచోట వాడకూడదని చిన్న అక్షరాల్లో రాసుంది. మూత పెట్టేసి, అప్పుడు వాడికి ఫోను చేసి ఉన్నదంతా చెప్పాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. "చేప పోయినందుకు కాదమ్మా. నాకు చెప్పనందుకు" అన్నాడు. అంతే. తర్వాత ఏం చేయాలో ఓపిగ్గా చెప్పాడు.

మీకూ అర్థమయ్యేట్టు చెబుతాను. ఇది కంటికి ఆనని ఓ జీవి. పేరు క్రిప్టోకారియాన్ ఇరిటాన్స్. చేప చర్మంలో దూరి మూడు నుంచి ఏడు రోజులు తింటుంది. మనకి కనబడే తెల్లచుక్క అదే. కడుపు నిండాక తనంతట తనే రాలిపోయి, ఇసుకకో రాయికో అంటుకుని గుల్ల కట్టుకుంటుంది. ఆ గుల్లలోంచి వందల పిల్లలు బయటికొచ్చి మళ్ళీ చేపల్ని పట్టుకుంటాయి. నా వెల్లుల్లి చేసిందేమీ లేదు, అవి పిల్లల్ని పెట్టడానికి వెళ్ళాయి! చేప ఒంట్లో ఉన్నప్పుడూ, గుల్లలో ఉన్నప్పుడూ మందు తగలదు. నీళ్ళలో ఈదే కాసేపే దానికి చావు.

అందుకని వైద్యం రెండుచోట్ల చేయాలి. నవంబరు 26న మిగిలిన క్లౌన్ చేపనీ, నీలిచేపనీ 50 లీటర్ల ప్లాస్టిక్ టబ్బులోకి మార్చాం. అందులో ఇసుక, రాళ్ళు వేయకూడదు, అవి మందుని పీల్చేస్తాయి. దాక్కోవడానికి ప్లంబరు వదిలేసిన పైపుముక్కలు వేశాం. గాలిమోటారు పెట్టాం. రాగిమందు ఒక్కసారి కాకుండా రెండు రోజుల్లో కొంచెం కొంచెంగా పెంచాం. మాది రాగి సల్ఫేటు, అంటే మన మైలుతుత్తం రకం. లీటరు నీటిలో రాగి 0.15 నుంచి 0.20 మిల్లీగ్రాముల మధ్య ఉండాలి. తగ్గితే జబ్బు పోదు, పెరిగితే చేపే పోతుంది. కంటి అంచనా పనికిరాదు, రోజూ కిట్టుతో పరీక్షించాలి. రాగి మందుల్లో రకాలున్నాయి, వాటి కొలతలు వేరు, కాబట్టి మీ సీసా మీద ఉన్నదే పాటించండి. మురికి పేరుకోకుండా రోజు విడిచి రోజు నీళ్ళు మార్చి, మార్చినంత నీటికే మందు కలిపేవాళ్ళం. నీళ్ళ డబ్బాలు మోసింది మావారే! ఇలా 30 రోజులు. తర్వాత మందు లేని ఉప్పునీళ్ళ టబ్బులోకి మార్చాం.

ఇక పెద్దతొట్టి. రొయ్యకీ పీతకీ ఈ తెగులు పట్టదు కాబట్టి వాటినక్కడే ఉంచి మేత వేస్తుండాలి. చేప దొరక్కపోతే ఆ జీవి బతకలేదు. కానీ కొన్ని గుల్లలు 72 రోజులదాకా ఆలస్యంగా విచ్చుకోవచ్చట. అందుకే 76 రోజులు ఒక్క చేప కూడా ఉండకూడదు. పాల లెక్క పక్కనే క్యాలెండర్లో గీతలు గీశాను. తొట్టి వల టబ్బుకి వాడకూడదు, చెయ్యి కూడా కడిగి తుడుచుకునే ముట్టుకోవాలి. ఆవకాయ జాడీలో తడిగరిటె పెట్టనివ్వం చూడండి, అలాగన్నమాట.

ఆ ఖాళీలో ఇంకో బెడద. రాళ్ళ మీద గోధుమరంగు గాజుపువ్వులాంటిది మొలిచింది. ఐప్టేసియా అంటారు. కలుపుమొక్కే కదా అని చాకుతో గీకాను. పదిరోజుల్లో ఒకటి పది అయ్యాయి! చిన్న ముక్క మిగిలినా మళ్ళీ మొలుస్తుందట. చివరికి మోటారు ఆపి, రోజుకి ఒకటి రెండింటికి మాత్రం సిరంజితో మరిగిన నీళ్ళు ఎక్కించి వదిలించుకున్నాను.

సంక్రాంతికి వాడొచ్చేసరికి హాల్లో చేపల్లేని తొట్టి, వరండాలో టబ్బు. వాడు టబ్బు పక్కన చతికిలబడి చాలాసేపు చూశాడు. నేను అరిసెల పళ్ళెం పట్టుకుని నిలబడ్డాను. ఉన్నట్టుండి, "అమ్మా, నేనూ నీకొకటి చెప్పలేదు. లెక్కల్లో తప్పాను. నువ్వు బాధపడతావని..." అన్నాడు. ఏమనను? నేనే కదా వంటింట్లో నిలబడి వీడియో కాల్ మాట్లాడినదాన్ని! పక్కన కూచుని అరిసె చేతిలో పెట్టాను. ఆ లెక్కలు తర్వాత పాసయ్యాడు లెండి.

2024 ఫిబ్రవరి 10న చేపలు తొట్టిలోకి వెళ్ళాయి. ఆ వేసవిలో వాడొక చిన్న క్లౌన్ చేపని తెచ్చాడు. నేనే ముందు టబ్బు కడిగి పెట్టాను. 30 రోజులు విడిగా ఉంచి, చుక్కలేదని చూశాకే లోపలికి. మీ పిల్లలు ముచ్చటపడి ఇలాంటి తొట్టి పెడతానంటే, తొట్టితోపాటు ఓ టబ్బు కూడా కొనిపించండి. ఆ ఖర్చు దండగ కాదు.

అన్నట్టు, క్లౌన్ చేపల్లో పెద్దది ఆడది. అది పోతే మిగిలిన మగదే మెల్లగా ఆడదిగా మారి ఇంటి పెత్తనం తీసుకుంటుంది. మా తొట్టిలో పాతదే ఇప్పుడు పెద్దది. మావారికి చెబితే, "నేను నీళ్ళ డబ్బాలు మోయడం చూసి నేర్చుకుందేమో" అన్నారు. వాడు ఫోను చేసి "ఎలా ఉన్నాయమ్మా?" అంటే, ఇప్పుడు ఫోను తొట్టి ముందే పట్టుకుంటున్నాను.