ఆవగింజ చెప్పిన వంశకథ

ఆవకాయ కలిపే రోజున నోరు జారి నేనన్న ఒక మాట ఈనాటికీ నా మనస్సులో ముల్లులా గుచ్చుకుంటూనే ఉన్నది.

మాది ఖరగ్‌పూర్. బెంగాల్-నాగపూర్ రైల్వేవారు ఇక్కడ వర్క్‌షాపు నెలకొల్పిన తరువాత శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి ఎన్నో తెలుగు కుటుంబాలు పని కోసం తరలివచ్చాయి. మా తాతగారు అలా వచ్చినవారే. మూడు తరాలుగా బెంగాలీల నడుమ బ్రతుకుతున్నా, ఇంట్లో మాట తెలుగు, పిల్లల పెళ్ళిళ్ళు మనవారితోనే. ఇది మా ఇంటి నియమం.

అయిదేళ్ళ క్రితం, వృక్షశాస్త్రంలో పరిశోధన చేస్తున్న మా అమ్మాయి, తాను ఒక బెంగాలీ యువకుణ్ణి వివాహం చేసుకోదలచినట్లు చెప్పింది. ఆవపిండి జల్లిస్తున్న మా అమ్మ చేయి ఆగిపోయింది.

“వంశం సంకరమైపోతుంది” అన్నాను నేను.

అమ్మాయి కోపగించుకోలేదు. జల్లెడలో మిగిలిన నలగని గింజ నొకదానిని తీసి నా అరచేతిలో పెట్టింది.

“ఇదీ సంకరమే, నాన్నగారూ!”

ఆనాడు ఆమె చెప్పినదీ, తరువాత నేను చదివి తెలుసుకున్నదీ ఇది. టర్నిప్ దుంప, బెంగాల్ పొలాలలో పండే పసుపు ఆవాలు ఒకే జాతికి చెందినవి. ఆ జాతి కణంలో 20 క్రోమోజోములుంటాయి. నల్ల ఆవ అనే మరో జాతిలో 16. మన పోపులో చిటపటలాడే ఆవాలలో 36! ఈ బంధుత్వాన్ని 1935లో ఒక ముక్కోణపు పటంగా వివరించిన శాస్త్రజ్ఞుడు ఊ జాంగ్‌చూన్. ఆయన తండ్రి కొరియా దేశీయుడు, తల్లి జపాను వనిత.

రెండు జాతులు కలిసినప్పుడు ఒకదాని నుంచి 10, రెండవదాని నుంచి 8 క్రోమోజోములు వస్తాయి. జత దొరకని ఆ పద్ధెనిమిదితో మొక్క సాధారణంగా గింజ కట్టదు. కాని ఎప్పుడో ప్రకృతిలో ఆ సంఖ్య రెట్టింపైంది. ప్రతిదానికీ జత కుదిరింది. గొడ్డుమొక్క కావలసినది కొత్త జాతి అయింది.

క్రోమోజోములను లెక్కించవచ్చు గాని, లెక్క ఒక్కటే సాక్ష్యం కాజాలదు. అందుకే నేటి శాస్త్రజ్ఞులు డీ.ఎన్.ఏ.లోని నాలుగు రసాయనాక్షరాల వరుసను చదువుతారు. ఆవగింజలో ఒకే జన్యువుకు రెండు తరహాల ప్రతులు కనిపిస్తాయి. ఒకటి టర్నిప్ జాతిని, మరొకటి నల్ల ఆవను పోలి ఉంటుంది. ఆకుపచ్చదనాన్నిచ్చే హరితరేణువులకు వేరే డీ.ఎన్.ఏ. ఉన్నది. ఈ మొక్కలలో అది తల్లి నుంచే సంక్రమిస్తుంది. దానిని చదివితే తల్లి టర్నిప్ జాతి అని తేలింది. అదొక్కటే చదివినవారికి తండ్రి జాడ తెలియదు. ఉభయులూ తెలియాలంటే కణకేంద్రంలోని జన్యువులను కూడా చదవాలి. 2016లో ఆవాల సమగ్ర జన్యుక్రమం ప్రచురితమైంది.

నన్ను కదిలించినది ఒక్కటే. వేలాది సంవత్సరాలు గడిచినా తల్లి గుర్తూ చెరిగిపోలేదు, తండ్రి గుర్తూ చెరిగిపోలేదు.

అయితే మనుషులు ఆవమొక్కలు కారు. భాష రక్తంలో రాదు. ఇంట్లో మాట్లాడితేనే వస్తుంది. నా భయం అసలు పెళ్ళిని గురించి కాదనీ, తెలుగును గురించేననీ అప్పుడు గ్రహించాను. ఆ భయానికి మందు నా నోటిలోనే ఉన్నది. నేనే ముహూర్తం పెట్టించాను.

ఇప్పుడు మా మనుమరాలికి మూడేళ్ళు. నన్ను “తాతా” అనీ, ఆ తాతగారిని “దాదూ” అనీ పిలుస్తుంది. ఈ వేసవిలో ఆవపిండి ఘాటుకు తుమ్ముతూ, గిన్నె చూపి ఏమిటని అడిగింది.

“ఆవాలమ్మా” అన్నాను.

“కాదు, శొర్షే!” అన్నది.

“రెండూనమ్మా” అన్నాను. మా అమ్మ నవ్వుతూ జల్లెడ మళ్ళీ చేతిలోకి తీసుకున్నది.