పొగలు కక్కే చక్రాలు

పిల్లలూ! అమెరికాలో లాస్ ఏంజెలిస్ నగరానికి తూర్పున పొమోనా అనే ఊరున్నది. అక్కడి డ్రాగ్ పందేలకు పెద్ద పేరు. తిన్నని బాటమీద రెండేసి కార్లు పక్కపక్కన నిలిచి, పావుమైలు, అనగా సుమారు 402 మీటర్లు పరుగెత్తుతవి. వేరే ఉద్యోగాలు చేసుకుంటూ సరదాకు పందెంలో దిగేవారు కూడా ఉంటారు.

బయలుదేరేముందు ఒక వింత చూడవచ్చును. నున్నని పందెపు టైర్లున్న కారును నీళ్లు చల్లినచోట తడిపి, వెనుక చక్రాలను గిరగిర తిప్పుతారు. నీరు ఆరి, రాపిడికి రబ్బరు వేడెక్కి, తెల్లని పొగ లేస్తుంది. అంటుకున్న ఇసుక రాలిపోతుంది. మెత్తబడిన రబ్బరు నేలను గట్టిగా పట్టుకుంటుంది. ఆ పట్టు లేకపోతే కారు పక్కకు జారి గోడకు తగలవచ్చును.

కాని మామూలు రోడ్డు టైర్లున్నవారు ఆ నీటిని తప్పించుకుని పోవాలి. ఎందుకో చెప్పగలరా? టైర్ల గాడులలో నిలిచిన నీరు బయలుదేరే గీతదాకా వస్తుంది. అప్పుడు వారి కారే కాదు, తరువాత వచ్చేవారి కారు కూడా జారుతుంది!

మీ అరచేతులను గట్టిగా రుద్ది చెంపలకు ఆనించుకోండి. ఆ టైర్లకు వేడి ఎక్కడినుంచి వచ్చిందో మీకే తెలుస్తుంది.