ఒక న్యాయాధిపతి కాగితములు

మా తాతగారు గోదావరి మండలములో నొక మునసబు కోర్టున ప్లీడరీ చేసినవారు. ఆయన గతించి యరువదియేండ్లు దాటినది. ఆయన కాగితములు మాత్రము ఎఱ్ఱగుడ్డ మూటలుగా మా యింటి భోషాణములో నేటికిని పడియున్నవి. ఏటేట సంక్రాంతికి మేమందఱము చేరినప్పుడు మా తమ్ముడు ఆ మూటలవైపు చూచి, "అన్నయ్యా, ఈ యేడైనా వీటిని భోగిమంటలో వేసేద్దామా?" అని యడుగుటయు, నేను వలదనుటయు మా యింట నొక యాచారమైపోయినవి. చెదలు పట్టిన వకాల్తాలను, ఎన్నడో తీరిపోయిన దావాల చిట్టాలను ఎందులకు దాచవలెనని యెవరైన నన్ను నిలదీసినచో నాయొద్ద సమాధానము లేకుండెను. ఆ ప్రశ్నను నాకు బరువైనదానినిగా చేసినది సముద్రములకావల 1893లో గతించిన యొక యమెరికా న్యాయాధిపతి దినచర్య.

మా యమ్మాయి ఒరెగాన్ రాష్ట్రమున హిల్స్‌బరో యను పట్టణములో కాపురమున్నది. అచ్చటి చిప్పుల కర్మాగారములలో పనిచేయు తెలుగువారు పెక్కుమంది. సాయంకాలము వీధిని నడచిపోయినచో పోపు వాసనకు కొఱత లేదు. నేనచ్చట ఆఱు నెలలుంటిని. పగలెల్ల పని లేనివాడను గనుక ప్రక్కనున్న పోర్ట్‌లండు నగర గ్రంథాలయమునకు పోవుచుంటిని. మాథ్యూ డీడీ యను న్యాయాధిపతి 1871 మొదలు 1892 వఱకు వ్రాసికొన్న దినచర్య నాకచ్చటనే దొరకినది. అది 1975లో ఒరెగాన్ చరిత్ర సంఘమువారిచే రెండు సంపుటములుగా అచ్చుపడినది. ఆయన కాగితములును ఆ సంఘమువారి యొద్దనే భద్రముగా నున్నవి. ఆ గ్రంథాలయమునకు మూలమైన చందాదారుల సంఘమునకు పెక్కేండ్లు అధ్యక్షుడుగా నుండి, ఇల్లిల్లు తిరిగినంత పనిచేసి దానికి నిధి కూర్చినవాడు ఈ డీడీయే యని తరువాత తెలిసినది. ఆయన బ్రతికించిన గ్రంథాలయమునుండి ఆయన గుట్టునే నేను ఎరవు తెచ్చుకొని చదివితినన్నమాట.

డీడీ 1824లో మేరీలండున పుట్టెను. యౌవనమున ఒహాయోలో కమ్మరి కొలిమియొద్ద పని నేర్చెను. పని నేర్చుచునే చదివెను. న్యాయశాస్త్రము చదివి పట్టా పుచ్చుకొనెను. 1849లో ఇంచుమించు రెండువేల మైళ్ల బండిదారిని పశ్చిమతీరమునకు వచ్చెను. అప్పటికి ఒరెగాన్ రాష్ట్రము కాదు. కేంద్ర ప్రభుత్వము దానిని తన పాలనలోని ప్రాంతముగా ఏర్పఱచి సంవత్సరము మాత్రమే గడచినది. వచ్చినవాడు మొదట పిల్లలకు చదువు చెప్పి పొట్టపోసికొనెను. చట్టము తెలిసినవారు కఱవైన నేలపై వకీలునకు ఎదుగుట యెంత సులభమో చూడుడు! మఱుసటియేడే ఆయన శాసనసభ్యుడయ్యెను. 1853లో ఆ ప్రాంతపు అత్యున్నత న్యాయస్థానమున న్యాయమూర్తి యయ్యెను. 1859లో ఒరెగాన్ రాష్ట్రమైన పిదప అచ్చటి కేంద్ర న్యాయస్థానమునకు అధిపతియై, చనిపోవువఱకు ఆ పీఠము విడువలేదు. చెల్లాచెదరుగా నున్న ఆ రాష్ట్రపు శాసనములను ఒకచోట కూర్చి సంహితగా తీర్చినవాడును ఆయనయే. విశ్వవిద్యాలయపు పాలకమండలికి మొదటి అధ్యక్షుడును ఆయనయే. ఇంతవఱకు చదివినవారు, ఇట్టివాని పేరు విశ్వవిద్యాలయపు మొదటి కట్టడమునకు పెట్టుటలో వింత యేమున్నదని యనుకొందురు. నేనును అట్లే యనుకొంటిని.

ఇక 1857వ సంవత్సరపు సంగతి. రాష్ట్రమునకు రాజ్యాంగము వ్రాయుటకై సేలం పట్టణమున ప్రతినిధులు కూడిరి. ఆ సభకు అధ్యక్షుడు డీడీ. ఆయన దాస్యవ్యవస్థను బాహాటముగా సమర్థించి గెలిచి వచ్చిన ప్రతినిధి. సభవారు రాజ్యాంగముతోపాటు రెండు ప్రశ్నలను విడిగా ప్రజల యోటునకు పెట్టిరి: ఇచ్చట బానిసలను ఉంచుకొనవచ్చునా యనునది మొదటిది, బానిసలు గాని నల్లవారిని ఈ నేలపై కాలు పెట్టనీయవచ్చునా యనునది రెండవది. మొదటిదానికి వలదన్నవారు 7,727 మంది, కావలెనన్నవారు 2,645 మంది. రెండవదానికి వలదన్నవారు 8,640 మంది, రానిండన్నవారు 1,081 మంది. ఈ యంకెలను ప్రక్కప్రక్కన పెట్టి చూచితిని. దాస్యమును కాదన్న చేయియే నల్లవాని ముఖముపై తలుపు మూసినది! ఆ నిషేధవాక్యము రాజ్యాంగమునుండి తొలగింపబడినది 1926లో. చైనావారు అచ్చట క్రొత్తగా భూమి కొనరాదను నిబంధనయు అదే రాజ్యాంగమున చేరినది.

కాలము గడచెను. రైలుదారులు వేయుటకును అడవులు నఱకుటకును చైనా కూలీలు వేలకొలది వచ్చిరి. వారిని తఱుమవలెనని ఊరూర సభలు జరిగినవి. నగరపు పనులలో చైనావారిని పెట్టుకొనరాదని రాష్ట్రశాసనసభ 1872లో చేసిన చట్టము 1879లో డీడీ ముందునకు వచ్చెను. అది 1868 నాటి చైనా సంధికి విరుద్ధమని ఆయన తేల్చి వ్రాసెను. 1886లో అల్లరి మూకలు చైనావారిని పోర్ట్‌లండునుండి వెడలగొట్టుటకు పూనుకొన్నప్పుడు, ఈ దౌర్జన్యము నేరమని గ్రాండ్ జూరీవారికి న్యాయపీఠమునుండి ఉపదేశించెను. నాటి యోటర్లలో దీనిని మెచ్చుకొనువారు అరుదు. ఒకప్పుడు ఆయన కోర్టులో ప్రసిద్ధమైన యొక భూమి దావాలో ఓడిపోయిన సిల్వెస్టర్ పెన్నాయర్ చైనావారిపై ద్వేషమును జెండాగా పట్టుకొని గవర్నరయ్యెనన్నచో, గాలి యెటు వీచుచుండెనో చదువరులు గ్రహింతురు.

ఇచ్చట పుస్తకము మూసి, పాపము చేసినవాడు ప్రాయశ్చిత్తము చేసికొన్నాడని చెప్పుకొన్నచో కథ ఎంత చక్కగా నుండును! నాకట్లు చెప్పవలెనని యెంతో కోరిక పుట్టినది. కాని కాగితములు చెప్పనీయవు. చైనావారి పక్షమున తీర్పు వ్రాసిన మఱుసటియేడే, 1880లో, ఫ్రాంక్ కమీల్ అను నతడు పౌరసత్వము వేడుచు ఆయన కోర్టునకు వచ్చెను. అతని తండ్రి కెనడాకు చెందిన తెల్లవాడు. తల్లి అచ్చటి ఆదివాసి స్త్రీ. సగము రక్తము తెల్లవాని దైనవాడు చట్టము చెప్పు "తెల్లవాడు" కాడని డీడీ తీర్పు చెప్పి అతనిని పంపివేసెను. ఆ కోర్టులో ఆ ప్రశ్న అంతటితో చావలేదు. నలువదియేండ్లకు, 1920లో, మన పంజాబు దేశస్థుడు భగత్ సింగ్ థిండ్ అదే కోర్టునందు పౌరసత్వము పొందెను. 1923లో వాషింగ్టనులోని సుప్రీముకోర్టు, అతడును తెల్లవాడు కాడని త్రోసివేసెను. మా యమ్మాయి యింటినుండి ఆ కోర్టుండిన నగరము గంట ప్రయాణము. ఆమె చేతిలోని పౌరసత్వపు కాగితమును చూచినప్పుడు నాకు కమీల్ జ్ఞాపకము వచ్చెను.

దినచర్యలో మహావాక్యములు వెదకువారికి నిరాశ తప్పదు. ఎవరి యింట విందు, ఏ ఆదివారము ఏ ఉపదేశము, ఏ పుస్తకము చదివెను, గ్రంథాలయపు చందా యెవ్వరిచ్చిరి — ఇట్టివే పుటలకొలది. ఆయన యిల్లాలు లూసీ మాట ఇందు వినబడదు. ఆమె పదియేండ్ల ప్రాయము దాటినంతలో 1846లో తల్లిదండ్రులతో బండ్లపై ఆ దేశమునకు వచ్చినది. దారిలో ఆమె చిన్నచెల్లెలు సీసాలోని నల్లమందు ద్రావకము త్రాగి చనిపోయినదట. ముసలితనమున నొక పత్రికారచయిత యెదుట కూర్చుండి ఆమె చెప్పినందున ఆ సంగతి మనకు తెలిసినది. ఆడువారి కథలు మనయింటనే గాక ఎచ్చటనైనను ఇట్లే, ఎవరో యడిగినచో మిగులును, అడుగకున్న పోవును.

2016 ప్రాంతమున విద్యార్థులు ఆ కట్టడమునుండి డీడీ పేరు తీసివేయుమని కోరిరి. విశ్వవిద్యాలయమువారు చరిత్రకారులచే ఆయన చరిత్ర శోధింపజేసిరి, మొదట పేరు ఉంచవచ్చుననిరి, 2020లో తీసివేసిరి. ఇప్పుడది విశ్వవిద్యాలయ భవనమను పేరనే యున్నది. పేరు తీసివేయుట నాకు న్యాయముగనే తోచినది. గోడమీది పేరు గౌరవము; గౌరవము ఇచ్చినవారు తిరిగి తీసికొనవచ్చును. కాని ఆ శోధన యంతయు దేనిని పట్టి జరిగినది? ఆయన దాచుకొన్న కాగితములను పట్టి. ఆయన వారసులు పరువుకొఱకు వానిని కాల్చియుండినచో, రాతిమీది పేరొక్కటే మిగిలి, అది నేటికిని నిశ్చింతగా నిలిచియుండెడిది.

నేను తిరిగి వచ్చునప్పటికి మా యూరి బడికి నూఱేండ్ల పండుగ తలపెట్టియుండిరి. ఆ బడికి స్థలమిచ్చినవారు మా తాతగారు. ఆయన పేరనే యున్నది. సంచికలో ఆయన జీవితమును గూర్చి వ్రాయుమని కమిటీవారు నన్ను కోరిరి. మూటలు విప్పితిని. మూడవ మూటలో, తాలూకా బోర్డు అధ్యక్షునకు వ్రాసిన యొక అర్జీ చిత్తు కనబడినది. బడిలో దళితపేట పిల్లలను మిగిలినవారితో నొక గదిలో కూర్చుండబెట్టరాదని దాని సారాంశము. తేదీ 1927. అక్షరములు తాతగారివే. ఒకటి కాదు, మూడు చిత్తులు. మొదటిది తొందరపాటున వ్రాసినది. రెండవదానిలో భాష చక్కబడినది. మూడవది చదువుటకు ఎంత మర్యాదగా నున్నదనగా, అందేమి కోరబడుచున్నదో ఒక నిమిషము తెలియదు. ఆయన ఒడిలో కూర్చుండి నేను అక్షరములు దిద్దినవాడను. ఆ మూడవ చిత్తు నన్ను బాధించినంతగా మొదటిది బాధింపలేదు.

తమ్ముడు చదివి, చాలసేపు మాటాడక, "ఇదొక్కటి తీసేద్దాం, మిగతావి ఉంచుకుందాం" అన్నాడు. వానిని నేను తప్పు పట్టలేను. ఒక దినమెల్ల నాకును అదే బుద్ధి పుట్టినది. వ్యాసమున స్థలదానమును వ్రాసి, అర్జీ సంగతియు ఆఱు పంక్తులలో వ్రాసితిని. కమిటీవారికి పంపుటకు ముందు బడి ప్రధానోపాధ్యాయినికి చూపుట ధర్మమనిపించినది. ఆమె ఆ పేటనుండి వచ్చినయామె. ఆమె తాతగారు ఆ బడిలోనే చదివిరట.

ఆమె వ్యాసమును ప్రక్కనుంచి, మూడు చిత్తులను వరుసగా చదివెను. నేను క్షమాపణవంటి దేదో మొదలుపెట్టబోవగా, తలయెత్తి, "ఆ పిల్లల పేర్లు ఇందులో ఎక్కడైనా ఉన్నాయా అండీ?" అని యడిగెను. లేవంటిని. మూటింటను "కొందరు బాలురు" అనియే యున్నది. ఆమె లేచి బీరువా తెఱచి, అట్టలూడిన పాత ప్రవేశపు రిజిస్టరును బల్లపై పెట్టి, 1927వ సంవత్సరపు పుటకొఱకు వెదకసాగెను. కొన్ని పుటలు చెమ్మకు అంటుకొనియుండెను. నేను నా కలము మూత తీసి, మొనతో నెమ్మదిగా వానిని విడదీయుచు ఆమె ప్రక్కన నిలుచుంటిని.