చారాణ కోడి, బారాణ మసాలా

ఇరానీ చాయ్‌తో మొదలుపెడదాం. హైదరాబాదులో ఏ కబురైనా అక్కడ మొదలు కావాల్సిందే కదా! 2022 మార్చిలో కప్పు చాయ్ 15 రూపాయల నుంచి 20కి ఎక్కింది. పాలు పెరిగాయి, చాయ్‌పత్తా పెరిగింది, గ్యాసు పెరిగింది అన్నారు హోటళ్ళవాళ్ళు. పక్క టేబుల్ పెద్దాయన ఊరుకుంటాడా? "మా రోజుల్లో చారాణకి చాయ్ తాగి, పైన చిల్లర కూడా మిగుల్చుకునేవాళ్ళం" అంటాడు. ఈ ఊళ్ళో అలాంటి పెద్దాయన లేని హోటలు ఉండదు. ఆయన అబద్ధమాడడు గానీ సగమే చెబుతాడు. అప్పటి చాయ్ ధర ఠక్కున గుర్తొస్తుంది. అప్పటి జీతమెంతో మనం అడిగితేగాని బయటికి రాదు.

అసలు ధరలు ఎన్ని రెట్లు పెరిగాయంటారా? ఆ చిట్టా రాసేవాళ్ళున్నారు. కేంద్రంలో లేబర్ బ్యూరో అని ఒకటుంది. హైదరాబాదు, విశాఖపట్నం లాంటి 88 కేంద్రాల్లో వాళ్ళ మనుషులు ఎంచుకున్న దుకాణాలకే మళ్ళీ మళ్ళీ వెళ్ళి, అదే రకం బియ్యం, అదే రకం పప్పు, అదే నూనె ఎంతని అడిగి రాసుకొస్తారు. ఇంటద్దె మాత్రం ఆరు నెలలకోసారి అడుగుతారు. ఇవన్నీ కలిపి కట్టిందే పారిశ్రామిక కార్మికుల ధరల సూచీ. 1960ని 100 అనుకుని ఒక వరుస కట్టారు. తర్వాత 1982ని, 2001ని, 2016ని 100గా పెట్టుకుని కొత్త వరుసలు ఎత్తుకున్నారు. పాతదాన్ని కొత్తదానితో కలిపే గుణకాలు 4.93, 4.63, 2.88. మూడింటినీ గుణించి చూడండి, 66కి కాస్త తక్కువ వస్తుంది. అంటే దేశం మొత్తం మీద 1960లో రూపాయికి వచ్చిన సరుకు 2016 నాటికి 66 రూపాయలన్నమాట.

మన ఊరికి 1960 మంచి ముహూర్తమే. 1959 దాకా ఇక్కడ నిజాం నాటి హాలీ సిక్కా చెల్లింది. ఏడు హాలీ రూపాయలకి ఆరు కల్దార్, అంటే దేశమంతటా చెల్లే, రూపాయలు వచ్చేవి. దేశమంతటి రూపాయి ఒక్కటే మిగిలాక మన లెక్క మొదలైంది.

66 రెట్లంటే గుండె గుభేలుమంటుంది గానీ, ఏడాదికింతని పంచితే ఎనిమిది శాతం కూడా లేదు. 1974 లాంటి ఏళ్ళు వేరు. చమురు మంట, పంటల కరువు కలిసి ఆ ఒక్క ఏడాదే ధరలు పావు వంతుకు పైగా ఎగిశాయి. అలాంటివి జనానికి గుర్తుండిపోతాయి. కానీ మన జేబు ఖాళీ చేసేవి ఎవరికీ గుర్తుండని మామూలు ఏళ్ళే. 72ని ధరల పెరుగుదల శాతంతో భాగించండి, ఎన్నేళ్ళకు ధర రెట్టింపవుతుందో తేలిపోతుంది. ఎనిమిది శాతమైతే తొమ్మిదేళ్ళు. 2016 నుంచి రిజర్వు బ్యాంకుకి కేంద్రం పెట్టిన నాలుగు శాతం లక్ష్యమైతే పద్దెనిమిదేళ్ళు. లక్ష్యం తప్పకుండా అందుకున్నా సరే, ఈ ఏడు పుట్టిన పిల్ల డిగ్రీలో చేరేసరికి అన్నీ రెండింతలే.

అయితే అన్నీ ఒకేలా పెరుగుతాయా? అక్కడే ఉంది అసలు కథ. చారాణ కోడికి బారాణ మసాలా, అంటే పావలా కోడికి ముప్పావలా మసాలా, అని మనవాళ్ళ సామెత. అరవయ్యేళ్ళలో నగరంలో ఇంటి ఖర్చుకి పట్టిన గతి అచ్చంగా అదే. 1960 వరుసలో కార్మికుడి ఇంటి ఖర్చులో నూటికి దాదాపు 61 తిండికే పోయేది. 1982లో అది 57, 2001లో 46, 2016లో 39. కోడి వాటా తగ్గుతూ వచ్చింది. తిండి చౌకైందని కాదు సుమా! కూలి, జీతం అంతకన్నా ఎక్కువ పెరిగాయి. కొత్తగా చేతికొచ్చిన డబ్బుని మసాలా మింగేసింది. ఇంగ్లీషు మీడియం ఫీజు, ప్రైవేటు దవాఖానా, బండికి పెట్రోలు, ఇంటద్దె, ఇవన్నీ మసాలాయే.

మసాలా ఎందుకంత ప్రియమైంది? మనిషి చేతి పని కాబట్టి. 1960లో తల క్షౌరానికి పావుగంట పట్టేది, ఇప్పుడూ పావుగంటే. పంతులమ్మ పాఠాన్ని, నర్సమ్మ రాత్రి కాపలాని ఏ యంత్రమూ పది రెట్లు చేసిపెట్టదు. ఊళ్ళో జీతాలు పెరిగినకొద్దీ వాళ్ళ కష్టానికీ ధర పెరగాల్సిందే. యంత్రం చొరబడ్డ చోట కథ తిరగబడింది. ఎస్టీడీ బూత్‌లో రాత్రి 11 దాటితే పావు చార్జీ అని నిద్ర ఆపుకుని వరుసలో నిలబడ్డవాళ్ళు ఇంకా మన మధ్యే ఉన్నారు. 1995లో సెల్‌ఫోన్ వచ్చిన కొత్తలో నిమిషం మాటకి 16 రూపాయల దాకా పోయేది. ఇవాళ నిమిషాలు లెక్కపెట్టేవాళ్ళెవరు?

అద్దెల సంగతి ఇంకో తీరు. 2023 జులైలో టమాటా కిలో వంద దాటి కళ్ళనీళ్ళు పెట్టించింది. మరో పంట రాగానే దిగింది. మాదాపూర్ భూమికి మరో పంట ఏదీ? 1998లో సైబర్ టవర్స్ తెరిచిన నాడు దాని చుట్టూ బండరాళ్ళే. అక్కడ ఎక్కిన అద్దె టమాటాలా దిగిందని మీరెప్పుడైనా విన్నారా? టమాటా మీద పేపర్లో పెద్ద వార్త వస్తుంది. అద్దె మీద రాదు, ఇంటాయన ఫోను వస్తుంది అంతే.

ఎదురుదారి పట్టిన ధరలూ ఉన్నాయి. 1983లో ఎన్టీఆర్ కిలో 2 రూపాయలకు బియ్యం ఇచ్చారు. మధ్యలో పెరిగింది. 2008లో వైఎస్ మళ్ళీ 2కి తెచ్చారు. 2011లో రూపాయైంది, 2023 నుంచి అదీ లేదు. 2025 ఉగాది నుంచి తెలంగాణలో రేషన్‌కి సన్న బియ్యమే ఇస్తున్నారు. 2023 డిసెంబరులో అక్కడే ఆడవాళ్ళకి బస్సు చార్జీ కూడా పోయింది. ఇవి బజారు దించిన ధరలు కావు, ఓటు దించినవి.

ఇక టీవీలో "ద్రవ్యోల్బణం తగ్గింది" అనగానే, "మరి కందిపప్పు తగ్గలేదేం?" అని ఇంట్లో నిలదీస్తారు. న్యాయమైన ప్రశ్నే. తగ్గింది ఎక్కే వేగం. ఎక్కిన ధర ఎక్కినట్టే ఉంటుంది. పైకి ఎక్కనట్టు కనిపించేవి కూడా కొన్నున్నాయి. ఐదు రూపాయల బిస్కట్ పాకెట్టు ఐదు రూపాయలకే దొరుకుతుంది, లోపలి బిస్కట్లే పలచబడ్డాయి.

ఈ పోటులో కుదురుగా నిలబడేదెవరు? సర్కారు ఉద్యోగి. ఇందాక చెప్పుకున్న సూచీని బట్టే ఏడాదికి రెండుసార్లు డీఏ, అంటే కరువు భత్యం, లెక్క కడతారు. ఆటో అన్నకి అది లేదు. 2014లో నగరంలో మీటరు కనీస చార్జీ 20 రూపాయలన్నారు. ఆ రేటుకి ఎక్కినవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి. తన డీఏ తనే కట్టుకుని "మీటర్ మీద ఇరవై ఇవ్వండి సార్" అంటాడు.

ఇంట్లో పనిచేసే ఆవిడకి ఆ ధైర్యమూ తక్కువే. "అమ్మా, వచ్చే నెల నుంచి ఐదొందలు ఎక్కువ ఇయ్యండి" అంటే, "అప్పుడేనా?" అంటాం. కాగితం తీయండి. మూడేళ్ళ కింద నెలకి 3000 అని మాట్లాడుకున్నాం అనుకుందాం. ఏడాదికి ఐదు శాతం చొప్పున ధరలు కదిలితే ఇవాళ అది 3473. ఆవిడ అడిగిన ఐదొందల్లో నిజమైన పెంపు 27 రూపాయలు. మిగతా 473 కరువు భత్యం. సర్కారు ఆఫీసులో దానికోసం ఎవరూ గుమ్మం పట్టుకుని నిలబడి అడగక్కర్లేదు.