పది ఫైళ్లు ఇచ్చే ఒక్క కమాండు, మా గూడెం క్లెయిముల రిజిస్టరు

కొంచెం పెద్ద పోస్టు, తీరిక చూసుకుని చదవండి.

హాస్టళ్లలో ఉండి బీసీఏ, బీటెక్ చదివే మన పిల్లలు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే. "అన్నా, లారవెల్ నేర్చుకోమంటున్నారు గానీ ఆ నల్ల తెర చూస్తేనే గుండె దడ. ఏదో కమాండ్ కొడితే పది ఫైళ్లు వచ్చి పడతాయి. అవి ఎందుకో, వాటిలో మనం ముట్టుకోవాల్సింది ఏదో తెలీదు." ఆ ఫైళ్ల సంగతే రాస్తున్నా. కమాండ్లను ఇక్కడ తెలుగు అక్షరాల్లో రాస్తా, మీరు కొట్టేటప్పుడు ఇంగ్లీషులో కొట్టుకోండి.

పీహెచ్‌పీలో వెబ్‌సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్క్ లారవెల్. టేలర్ ఆట్‌వెల్ అనే అమెరికన్ 2011లో బయటికి తెచ్చాడు. దాని కమాండ్ లైన్ పనిముట్టు పేరు ఆర్టిసన్. "మేక్" అని మొదలయ్యే కమాండ్లు 2015లో ఐదో వెర్షన్‌తో ఇప్పటి రూపానికి వచ్చాయి. ఇలాంటివి మిగతా ఫ్రేమ్‌వర్కుల్లోనూ ఉన్నాయి. సింఫనీలో మేకర్, కోడ్‌ఇగ్నైటర్‌లో స్పార్క్, కేక్ పీహెచ్‌పీలో బేక్. కేక్ కాబట్టి బేక్ చేయాలంట, వాళ్ల సరదా వాళ్లది.

ఆర్టిసన్ అంటే చేతిపనివాడు. ఆదిలాబాద్ వైపు మన ఓజా వాళ్లు డోక్రా బొమ్మ పోస్తారు కదా, మైనంతో రూపం చేసి, మట్టి కప్పి, కరిగిన ఇత్తడి పోసి, చివరికి ఆ మట్టి పగలగొడతారు. అందుకే ఒక బొమ్మలా ఇంకో బొమ్మ ఉండదు. ఈ ఆర్టిసన్ అచ్చు మాత్రం ఎప్పుడూ పగలదు. ఎన్నిసార్లు పోసినా అదే బొమ్మ. పేరు పెట్టినవాళ్లు దీని గురించి ఆలోచించి ఉండరు!

ఇక మా పని సంగతి. మా గూడెంలో అటవీ హక్కుల చట్టం కింద పెట్టుకున్న పోడు క్లెయిములన్నీ ఒక పాత లాంగ్ నోట్‌బుక్కులో ఉన్నాయి. ఎవరిది గ్రామసభ దాటింది, ఎవరిది సబ్ డివిజన్ కమిటీలో ఆగింది, ఎవరిది జిల్లా కమిటీ దాకా పోయింది, ఎవరిది తిరగ్గొట్టారు, అంతా అందులోనే. దానికి చెదలు పడితే ఎవరి దగ్గరా ఇంకో కాపీ లేదు. కాబట్టి సెలవుల్లో మేం నలుగురం కూర్చుని దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించాలనుకున్నాం.

మా ఊళ్లో సిగ్నల్ కావాలంటే చెరువు కట్ట ఎక్కాలి. అందుకే టౌన్లో ఉన్నప్పుడే కంపోజర్‌తో ప్రాజెక్టు మొత్తం దించుకుని లాప్‌టాప్‌లో పెట్టుకున్నా. ఆ తర్వాత ఆర్టిసన్‌కు నెట్‌తో పని లేదు. అచ్చులన్నీ వెండర్ ఫోల్డర్లోనే ఉంటాయి. డేటాబేస్‌కు ఎస్‌క్యూలైట్ పెట్టుకున్నాం, అది ఒక్క ఫైలు అంతే. ఈ రోజుల్లో అందరూ ఏఐని అడిగి కోడ్ రాయిస్తున్నారు, నేనూ రాయిస్తా. కానీ దానికి సిగ్నల్ కావాలి, ఒకే ప్రశ్నకు పొద్దున ఒకలా సాయంత్రం ఇంకోలా రాసిస్తుంది. నేర్చుకునేవాడికి రోజూ ఒకేలా ఉండే ఫైలు మంచిదని నా అభిప్రాయం.

మొదట కొట్టింది ఇది: పీహెచ్‌పీ ఆర్టిసన్ మేక్:మోడల్ క్లెయిమ్ -ఎంసీఆర్. ఎం అంటే మైగ్రేషన్, సీ అంటే కంట్రోలర్, ఆర్ అంటే ఆ కంట్రోలర్ రిసోర్స్ రకంది కావాలని. మోడల్‌తో కలిపి మూడు ఫైళ్లు వచ్చాయి. కంట్రోలర్‌లో ఏడు ఫంక్షన్లు: ఇండెక్స్, క్రియేట్, స్టోర్, షో, ఎడిట్, అప్‌డేట్, డిస్ట్రాయ్. ఏడూ ఖాళీయే. లోపల ఏం జరగాలో ఒక్క లైను కూడా రాయదు. -ఎంసీఆర్ బదులు --ఆల్ అని కొడితే ఇంకా సీడర్, ఫ్యాక్టరీ, పాలసీ, రిక్వెస్టులు కూడా వస్తాయి. మన పిల్లలు భయపడే గుంపు అదే. అన్నీ ఒకేసారి అవసరం లేదు, కావాల్సినప్పుడు ఒక్కొక్కటి తెచ్చుకోవచ్చు.

మైగ్రేషన్ ఫైలు తెరిస్తే టేబుల్‌కు రెండే లైన్లు ఉంటాయి. ఒకటి ఐడీ, ఇంకోటి టైమ్‌స్టాంప్స్. ప్రపంచంలో ఏ టేబుల్‌కైనా పనికొచ్చేవి అవి. క్లెయిమ్ అంటే ఏంటో దానికి తెలీదు కదా. మధ్యలో ఉన్న ఖాళీ దగ్గర మాకు మూడు సాయంత్రాలు పట్టింది.

టైమ్‌స్టాంప్స్ వల్ల క్రియేటెడ్ ఎట్ అనే కాలమ్ దానంతటదే వస్తుంది. దాన్నే అర్జీ తేదీగా చూపిద్దామని మాలో ఒక తమ్ముడు అన్నాడు. అది మనం కంప్యూటర్లో ఎక్కించిన తేదీ మాత్రమే. అలా చేస్తే ఏళ్ల కిందట పెట్టిన అర్జీలన్నీ మొన్న సెలవుల్లో పెట్టినట్టు కనిపిస్తాయి. అందుకే అర్జీ తేదీకి, గ్రామసభ తీర్మానం తేదీకి వేరే కాలమ్‌లు పెట్టాం. చట్టం ప్రకారం గిరిజనులకు 2005 డిసెంబరు 13 నాటికి భూమి సాగులో ఉండాలి, కాబట్టి సాగు ఎప్పటినుంచో చెప్పే కాలమ్ ఇంకోటి.

విస్తీర్ణం దగ్గర ఇంకో తిప్పలు. నోట్‌బుక్కులో 2 ఎకరాల 15 గుంటలు అని ఉంటుంది. దాన్ని 2.15 అని డెసిమల్‌లో వేశామా, భూమి తగ్గిపోయినట్టే. ఎకరానికి 40 గుంటలు కాబట్టి 15 గుంటలంటే 0.375 ఎకరం. మేం అంతా గుంటల్లోకి మార్చి 95 అని పూర్ణాంకంగా దాచాం, తెరమీద చూపించేటప్పుడు ఎకరాలు, గుంటలుగా విడగొడుతున్నాం.

పేరు కాలమ్ గురించి మా పెద్దమ్మ తేల్చేసింది. పక్కన కూర్చుని చూస్తూ, "ఒకటే గడి పెట్టిండ్రేంది బిడ్డా, ఇద్దరం కలిసి కొట్టుకున్న పోడు కదా" అంది. చట్టం చెప్పేదీ అదే, పెళ్లయినవాళ్లకు హక్కు పత్రం భార్యాభర్తలిద్దరి పేరు మీదా ఉమ్మడిగా ఇవ్వాలి. అప్పుడు మనుషులకు వేరే టేబుల్, క్లెయిములకు వేరే టేబుల్, రెండింటినీ కలపడానికి మధ్యలో ఇంకో టేబుల్ పెట్టాం.

మనుషుల టేబుల్‌కు లారవెల్‌తో వచ్చే యూజర్స్‌నే వాడొచ్చు కదా అంటారు. అందులో ఈమెయిల్ తప్పనిసరి, పైగా ఏ ఇద్దరికీ ఒకటే ఉండకూడదు. మా గూడెంలో ఇంటికి ఒక ఫోన్, ఈమెయిల్ మాటే లేదు. ఆ టేబుల్‌ను లాగిన్ అయ్యే మా నలుగురికే ఉంచాం.

పేర్ల విషయంలో నవ్వొచ్చేది ఒకటుంది. మోడల్ పేరు ఏకవచనంలో ఇస్తే టేబుల్ పేరును బహువచనం చేసుకుంటుంది. పర్సన్ ఇస్తే పీపుల్, చైల్డ్ ఇస్తే చిల్డ్రన్. ఇంగ్లీషు బాగా వచ్చు. గూడెం ఇస్తే గూడెమ్స్ అంది. ఇల్లు ఇస్తే ఇల్లుస్! ఫ్రెంచి, స్పానిష్, టర్కిష్ లాంటి కొన్ని భాషలకు మార్చుకునే వీలుంది గానీ తెలుగు లేదు, కోయ సంగతి చెప్పనే అక్కర్లేదు. మోడల్‌లో టేబుల్ అనే ప్రాపర్టీకి మనకు నచ్చిన పేరు రాసుకుంటే సరిపోతుంది. మైగ్రేషన్‌లోనూ అదే పేరు ఉండాలి, రెండూ కలవకపోతే టేబుల్ లేదని ఎర్రగా అరుస్తుంది.

ఇంకోటి. మేక్:రిక్వెస్ట్ కొడితే వచ్చే ఫైలులో ఆథరైజ్ అనే ఫంక్షన్ ఫాల్స్ అని ఉంటుంది. జూనియర్లు చాలామంది ఇక్కడే ఆగుతారు. ఫారం నింపి పంపితే 403 వస్తుంది, ఎందుకో తెలీదు. ఎవరినడిగినా "ట్రూ పెట్టెయ్" అంటారు. పెట్టేస్తే పని నడుస్తుంది, నిజమే. కానీ ఆ ఫైలు అడుగుతున్నది ఈ పని ఎవరు చేయొచ్చని. మా రిజిస్టరులో ఎవరి భూమి ఏ కమిటీలో ఆగిందో ఉంది. అది తెలిస్తే లాభపడే దళారులు మన మండలాల్లో లేరా? అందుకే అక్కడ ట్రూ అని కొట్టకుండా, లాగిన్ అయినవాళ్లలో గ్రామసభ ఒప్పుకున్నవాళ్లకే అని షరతు రాశాం.

ఈ అచ్చులను కూడా మార్చుకోవచ్చని చాలామందికి తెలీదు. పీహెచ్‌పీ ఆర్టిసన్ స్టబ్:పబ్లిష్ అని కొడితే వాటిలో ఎక్కువగా వాడేవి మన ప్రాజెక్టులో స్టబ్స్ అనే ఫోల్డర్లోకి వస్తాయి. మేం మైగ్రేషన్ స్టబ్‌లో టైమ్‌స్టాంప్స్ పైన ఒక కామెంటు చేర్చాం: "ఇది ఎక్కించిన తేదీ, అర్జీ తేదీ కాదు." ఇప్పుడు ఎవరు కొత్త టేబుల్ కోసం మైగ్రేషన్ తెచ్చినా ఆ మాట ముందే రాసి వస్తోంది. ప్లేస్‌మెంట్‌కు పోయే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు చెప్పేది, ముందు ఈ స్టబ్ ఫైళ్లు తెరిచి చదవండి. చిన్నవే. అరగంట చాలు. -ఎంసీఆర్ అంటే ఏంటని ఇంటర్వ్యూలో అడిగితే బట్టీ పట్టింది చెప్పాల్సిన పని ఉండదు.

ఇప్పుడు వాగు అవతలి గూడెం వాళ్లు కూడా తమ నోట్‌బుక్కు ఇచ్చారు. వాళ్లకు ఇంకో కాలమ్ కావాలంట, హద్దు వాగు పేరు. సర్వే నంబరు లేని చోట వాళ్లు హద్దు చెప్పుకునేది వాగుతోనే. మేక్:మైగ్రేషన్ యాడ్_వాగు_పేరు_టు_క్లెయిమ్స్_టేబుల్ అని కొట్టాం. పేరులో టు తర్వాత ఉన్నది చూసి, కొత్త టేబుల్ కట్టకుండా ఉన్న క్లెయిమ్స్‌కే కాలమ్ చేర్చాలని అదే పసిగట్టింది. లోపల ఎప్పట్లాగే ఖాళీ. వాగుల పేర్లు ఎలా రాయాలో ఆ గూడెం పెద్దలను అడిగి ఈ ఆదివారం ఎక్కిస్తాం, లాప్‌టాప్ ఉన్నవాళ్లు ఒకరిద్దరు రాగలిగితే పని తొందరగా అవుతుంది.