పాటలో కనపడని వేళ్లు

అప్పటి అనంతపురం జిల్లా మడకశిరలో ఎండాకాలం వస్తే మా ఇంటి అరుగు మీద శెనక్కాయల రాసి ఉండేది. విత్తనం కాయలు చేత్తోనే ఒలవాలి, పప్పు చిట్లకూడదు. నీళ్లు చిలకరించి మెత్తబరిచినా పొద్దు గూకేసరికి అమ్మ బొటనవేలు చీలిపోయేది. చుట్టుపక్కల ఆడవాళ్లంతా చేరేవాళ్లు. ఎన్ని శేర్లు ఒలిస్తే అంత కూలి. పాటలు, ఎకసెక్కాలు, ఏడుపులు అన్నీ ఆ అరుగు మీదే.

నేను హైస్కూల్లో ఉండగా, 2002లో ‘కుబుసం’ సినిమా వచ్చింది. గోరటి వెంకన్న రాసిన ‘పల్లె కన్నీరు పెడుతుందో’ పాట వందేమాతరం శ్రీనివాస్ గొంతులో మా ఊరిదాకా వచ్చింది. పాలమూరు కరువులోంచి పుట్టిన పాట మా కరువు నేలకు పరాయిదనిపించలేదు. అమ్మ ఆ పాట వింటూ కళ్లు తుడుచుకునేది.

పీహెచ్‌డీలో వెంకన్న తొలిరోజుల పాటల మీద ఒక అధ్యాయం రాశాను. ‘సంత’లో హుషారు, ‘గల్లీ చిన్నది’లో బీదల బతుకు మీద కరుణ నన్ను కట్టిపడేశాయి. ఆయన చమత్కారం ఎవరినీ చిన్నబుచ్చదు. ఆ ఇంట్లో మనిషే తన కష్టం చెప్పుకుని నవ్వినట్టుంటుంది. ప్రపంచీకరణ, కులవృత్తుల పతనం అంటూ బరువైన మాటలు పేర్చి, ఒకరోజు అమ్మకు చదివి వినిపించాను.

అంతా విని అమ్మ అంది: “కుమ్మరాయన ఉండాడు, కమ్మరాయన ఉండాడు, మగ్గం నేసేటాయన ఉండాడు. మట్టి తొక్కిన ఆడోళ్లు యాడ పాపా? కండెలు చుట్టినోళ్లు యాడ?”

“పల్లెనే తల్లి అన్నాడు కదమ్మా!”

“తల్లికి కూలి ఎవురిస్తారు?”

నాకు మాట రాలేదు. కాసేపటికి, “కాయలొలిచే మిషన్ వచ్చి నీ పనీ పోయింది కదా, దానిమీదా పాట ఉండాలి” అన్నాను. అమ్మ బొటనవేలు చూపించింది. “పల్లె ఏడ్చిందేమో గానీ, నా యేలు ఏడవలేదు.” తర్వాత మెల్లగా, “కూలి మాత్రం పోయింది. అరుగు మీదికి వచ్చే మనుషులూ పోయిరి” అంది.

ఈ రెండు మాటలూ నిజమే. నేను మొదటిది వినకుండానే రెండోదాని మీద అధ్యాయం రాసేశాను. మార్కెట్ చేసే దోపిడీ నాకు కనపడింది. ఇంటి లోపల వృత్తికి మగవాడి పేరు, శ్రమకు ఆడదాని ఒళ్లు అని పంచిన లెక్క కనపడలేదు. ఆ తప్పు పాటదా, నాదా? పాట కన్నా పాటను చదివిన నాదే ఎక్కువ అనిపిస్తుంది. అధ్యాయం మళ్లీ రాశాను.

‘వల్లంకి తాళం’కి 2021 కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం ప్రకటించినప్పుడు అమ్మ మా ఇంట్లోవాళ్లకే వచ్చినంత సంబరపడింది. ఆమెకు ఆ పాట మీద కోపం లేదు. నాకూ లేదు. కానీ పోయిన పల్లె కోసం కన్నీళ్లు పెట్టుకునేటప్పుడు, ఆ పల్లెను నిలబెట్టడానికి ఎవరి వేళ్లు చీలాయో కూడా అడగాలి కదా!