పాత లైబ్రరీని తీసే ముందు



మా పల్లెల్లో పెళ్లికైనా కూడికకైనా వంద మందికి వండే గిన్నెలు ప్రతి ఇంట్లో ఉండవు. సంఘం గదిలో ఒక జత ఉంటుంది. ఎవరికి అవసరమైతే వారు తీసుకెళ్లి, తోమి తెచ్చి పెడతారు. లినక్సులో షేర్డ్ లైబ్రరీ కూడా ఇలాంటిదే. పది ప్రోగ్రాములకు కావలసిన ఒకే పనిని ఒక ఫైలులో పెట్టి, అందరూ దాన్నే వాడుకుంటారు. కొత్త గిన్నె వచ్చిందని పాతదాన్ని పాత ఇనుము వాడికి వేసేస్తే, ఆ పాత గిన్నెకే సరిపోయే మూత, గరిటె పట్టుకుని ఉన్నవారు ఏం చేయాలి? ఈరోజు మనం ఆలోచించవలసిన సంగతి ఇదే.

మా చుట్టుపక్కల గ్రామాల సంఘాల్లో ఎవరో వాడి ఇచ్చిన పాత ల్యాప్‌టాప్‌లు ఉన్నాయి. వాటిలో లినక్స్ వేసుకున్నాం. ఆదివారం పాటలు తెర మీద చూపించే ప్రోగ్రామును అన్నిటిలో ఒకేలా ఎక్కించడానికి నేనొక ఇన్‌స్టాల్ స్క్రిప్టు రాసి పంపుతుంటాను. ఈ మధ్య ఆ ప్రోగ్రాము వాడే లైబ్రరీ కొత్త వెర్షనుకు మారింది. నాకు సాయం చేసే తమ్ముడొకడు, "అయ్యగారూ, పాత ఫైళ్లన్నీ ఒక్క లైనుతో తుడిచేద్దామా?" అని అడిగాడు. తుడవవచ్చు. కానీ ఆ ల్యాప్‌టాప్‌లలో ఒకదానిలో, సంఘ పెద్ద ఒకాయన రెండేళ్లు కూర్చుని ఎక్కించిన వివాహాల, సమాధుల రిజిస్టరు ఉంది. మా స్క్రిప్టు నడిచేది సుడోతో, అంటే ఆ యంత్రం మీద సర్వాధికారంతో. ఆ ఒక్క లైను గురించే ఇంత రాస్తున్నాను.

ముందుగా పేర్ల సంగతి గమనించండి. ఫైళ్లను కుదించే జెడ్‌లిబ్ అనే లైబ్రరీని తీసుకోండి. అసలు ఫైలు పేరు లిబ్‌జెడ్.ఎస్ఓ.1.3.1. దాని పక్కనే లిబ్‌జెడ్.ఎస్ఓ.1 అనే గుర్తు ఉంటుంది. అది అసలు ఫైలు వైపు వేలు చూపిస్తుంది, అంతే. ప్రోగ్రాములు వెతికేది ఈ చిన్న పేరునే. చివరి సంఖ్యలు మారితే సాధారణంగా అది మరమ్మతు. మొదటి సంఖ్య మారిందంటే పాత ప్రోగ్రాములకు ఇక సరిపడదని అర్థం. 2022 ఏప్రిల్‌లో వచ్చిన ఉబుంటు 22.04 ఓపెన్‌ఎస్ఎస్ఎల్ 3కు మారినప్పుడు, 1.1 మీద కట్టిన ప్రోగ్రాములు తమ లైబ్రరీ దొరకక ఆ కొత్త యంత్రాల్లో తెరుచుకోలేదు. పాత సంఖ్య, కొత్త సంఖ్య ఒకే చోట పక్కపక్కన ఉండవచ్చు. డెబియన్‌లో లైబ్రరీ ప్యాకేజీ పేరులోనే ఆ సంఖ్య ఉండేది ఇందుకే.

అలాగైతే పాతదాన్ని ఎప్పటికీ ఉంచేస్తే పోలేదా అంటారేమో. అదీ క్షేమం కాదు. పాత లైబ్రరీలో బయటపడిన భద్రతా లోపాలు అలాగే ఉండిపోతాయి. మరొకటి కూడా ఉంది. మనం చేత్తో ఎక్కించినవి సాధారణంగా /యూఎస్ఆర్/లోకల్/లిబ్ అనే చోటికి వెళ్తాయి. డెబియన్, ఉబుంటులలో వ్యవస్థ తన సొంత చోటు కంటే ముందు అక్కడే వెతుకుతుంది. గనుక అదే పేరుతో మన పాత ఫైలు అక్కడ మిగిలి ఉంటే, ఉబుంటు పంపిన మరమ్మతు ఫైలు వెనక్కి పోయి, లోపం ఉన్న పాతదే పని చేస్తూ ఉంటుంది. కాబట్టి తీయవలసిందే. ఎలా తీస్తామన్నదే ప్రశ్న.

రెండు సంగతులు చెబుతాను. బంబుల్‌బీ అని ఒక ప్రాజెక్టు ఉంది. రెండు గ్రాఫిక్స్ చిప్‌లున్న ల్యాప్‌టాప్‌లను లినక్సులో సరిగ్గా వాడుకోవడానికి దాన్ని చేశారు. 2011లో దాని ఇన్‌స్టాల్ స్క్రిప్టులో, /యూఎస్ఆర్/లిబ్ లోపల ఉన్న ఒక ఎన్విడియా ఫోల్డరును తీసేసే లైను రాశారు. /యూఎస్ఆర్ తరువాత పొరపాటున ఒక ఖాళీ పడింది. యంత్రం దాన్ని రెండు పేర్లుగా చదివింది. మొదటి పేరు /యూఎస్ఆర్, అంటే ప్రోగ్రాములన్నీ ఉండే ఇల్లు. ఆ స్క్రిప్టును నడిపినవారికి ఆ ఇల్లంతా పోయింది.

రెండవది 2015 జనవరిలో బయటపడింది. స్టీమ్ అనే ఆటల ప్రోగ్రాము స్క్రిప్టులో, స్టీమ్‌రూట్ అనే వేరియబుల్ లోపలున్న వాటన్నిటినీ తుడిచే లైను ఉంది. ఆ వేరియబుల్ ఖాళీ అయితే మిగిలేది ఒక గీత, ఒక నక్షత్రం. అంటే మొత్తం డిస్కు అన్నమాట. తన స్టీమ్ ఫోల్డరును వేరే చోటికి మార్చుకున్న ఒక వ్యక్తికి అలాగే జరిగింది. ఆయన ఫైళ్లతోపాటు, తగిలించి ఉన్న బ్యాకప్ డిస్కులోవి కూడా పోయాయి. ఆ లైను పక్కనే, రాసినవారు ఇది భయపెట్టేదని ఒక్క మాటలో వ్యాఖ్య రాసి పెట్టారు. భయాన్ని రాసుకున్నారు గాని, ఆ పేరు ఖాళీగా ఉందా అని చూసే ఒక్క తనిఖీ రాయలేదు. గీత ఒక్కటే ఇస్తే తుడిచే ఆజ్ఞ అయిన ఆర్ఎమ్ తానే నిరాకరిస్తుంది. నక్షత్రం చేరితే ఆ కాపుదల పని చేయదు. ఎందుకంటే ఆ నక్షత్రాన్ని షెల్ ముందుగానే ఒక్కో ఫోల్డరు పేరుగా విడదీసి ఇస్తుంది.

వరిలో ఊద తీసే అమ్మలను చూడండి. ఊద చిన్నప్పుడు అచ్చం వరిలాగే ఉంటుంది. వారు పిడికిలి నిండా పట్టి లాగరు. ఒక్కో మొక్కను మొదట్లో పట్టి, గుర్తుపట్టి తీస్తారు. స్క్రిప్టు కూడా అలాగే తీయాలి. నేను పాటించే క్రమం ఇది.

మనం పెట్టినదాన్ని మాత్రమే మనం తీయాలి. ఎక్కించేటప్పుడే ప్రతి ఫైలు పూర్తి పేరును ఒక జాబితాలో రాసుకోవాలి. సీమేక్‌తో ఎక్కిస్తే అలాంటి జాబితా అదే రాసి పెడుతుంది. తీసేటప్పుడు ఆ జాబితాలోని పేర్లే వాడాలి, నక్షత్రం వాడకూడదు. అనుమానం ఉన్న ఫైలు ఎవరిదో డీపీకేజీ ఆజ్ఞను అడిగితే చెబుతుంది. అది ఉబుంటుదైతే దాని జోలికి పోకూడదు, ఆ పని ఆప్ట్ చూసుకుంటుంది. వేరియబుల్ ఖాళీగా ఉంటే స్క్రిప్టు అక్కడే ఆగిపోయేలా రాయాలి.

కొత్తది ముందు రావాలి, పాతది తరువాత పోవాలి. కొత్త ఫైలును పెట్టి, ఎల్‌డీకాన్ఫిగ్ నడిపి, ప్రోగ్రాము నిజంగా తెరుచుకుంటోందో చూడాలి. ఆ తరువాత, పాతదాని మీద ఇంకెవరు ఆధారపడ్డారో ఎల్‌డీడీతో చూడాలి. నడుస్తుండగా మధ్యలో పిలుచుకునే లైబ్రరీలు దానికి కనిపించవని మరచిపోవద్దు.

ఇంకొక సంగతి. ప్రోగ్రాము నడుస్తుండగా దాని లైబ్రరీని తీసేస్తే, అది వెంటనే ఆగదు. డిస్కు మీద పేరు మాత్రమే పోతుంది, లోపలి సరుకు ఆ ప్రోగ్రాము మూసే వరకు ఉంటుంది. శనివారం సాయంత్రం అంతా బాగానే కనిపిస్తుంది. ఆదివారం ఉదయం తెరిచినప్పుడు తెలుస్తుంది. కాబట్టి తీసిన తరువాత ప్రోగ్రామును ఒకసారి మూసి మళ్లీ తెరవకుండా పని అయిపోయిందని అనకూడదు.

చివరిగా, వెంటనే తుడవకుండా పక్కన పెట్టండి. అయితే అదే ఫోల్డరులో పేరు చివర పాత అని తగిలించి ఉంచవద్దు. లిబ్ అని మొదలై మధ్యలో .ఎస్ఓ ఉన్న ప్రతి ఫైలునూ ఎల్‌డీకాన్ఫిగ్ లైబ్రరీగానే చూస్తుంది. తిరిగి నడిచినప్పుడు ఆ గుర్తును మీ పాత ఫైలు వైపే తిప్పవచ్చు. వేరే చోట ఒక ఫోల్డరు చేసి అందులో ఉంచండి. నెల రోజులు అందరి పనీ సాగితే అప్పుడు తీసేయండి. నెల ఆలస్యానికి ఖర్చయ్యేది డిస్కులో కాస్త చోటు మాత్రమే.

ఆ తమ్ముడు అడిగిన ఒక్క లైను ఇప్పుడు మా స్క్రిప్టులో ఇరవై లైన్లయింది. అందులో తీసేవి రెండే, మిగిలినవన్నీ అడిగి చూసుకునేవి. స్క్రిప్టు రాసేవారు అది నడిచే చోట ఉండరు. నడిపేవారు లోపల చదవరు, నమ్మి ఎంటర్ నొక్కుతారు. ఆ నమ్మకం ఉన్న చోట మన చేయి ఎంత దూరం వెళ్లాలో ముందే గీత గీసుకోవడం మన బాధ్యత. మీలో ఎవరైనా ఇలాంటివి రాసి పంపుతుంటే, తరువాతి ఊరికి పంపే ముందు, తుడిచే ఆజ్ఞ ఉన్న లైన్ల దగ్గర ఆగి ఒక్కో పేరూ చదవండి.

మీ సహోదరుడు